మావాడు సిరిమాను ఒక్కటే గీస్తాడు. నలుగురు పిల్లలకి కలిపి ఒక బొమ్మల గది పెడదామనుకుంటన్నాం, ఎలాగ?

ధర్మపురి టైలరమ్మ

అందరికీ నమస్కారం. మాది విజీనగరం, ధర్మపురి వేపు. జాకెట్లు కుడతాను. ఈ గ్రూపులో అందరూ పింఛన్లు, వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ల గురించే రాస్తుంటారు. నాది అలాటి ప్రశ్న కాదు, ఏటీ అనుకోకండి.

మా అబ్బాయికి 26 ఏళ్ళు. ఆటిజం. మాటలు ఓ పదిహేను, ఇరవై ఉంటాయి, అవీ వాడికి అవసరమైతేనే. బొమ్మలు గీస్తాడు. బొమ్మలంటే ఒక్కటే బొమ్మ, పైడితల్లమ్మ సిరిమాను, అదే, జాతర మంగళవారం నాడు కొసన పూజారి గారిని కూచోబెట్టి ఊరేగించే పొడుగాటి మాను. ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న భుజమ్మీద కూచోబెట్టుకుని చూపించేరు. ఆ మంగళవారం నుంచి ఇవాళ్టిదాకా అదే. చివర పూజారి గారు ఉండరు. జనం ఉండరు. ఊరేగింపులో వచ్చే తెల్ల ఏనుగు లేదు, పాలధార లేదు, అంజలి రథం లేదు. మాను ఒక్కటే. మొదట్లో లావు, పోనుపోను సన్నం, కొసకి గాలికి ఊగినట్టు చిన్న వంపు. కాయితం అయిపోయిందని మాను ఆగదు కదా, బల్ల మీదకి, అక్కణ్ణించి గోడ మీదకి ఎక్కీసేది. అందుకని పాత కేలండర్లు వెనక్కి తిప్పి, మైదా జిగురుతో పక్కపక్కన అతికించి ఇస్తన్నాను.

పోయిన ఏడాది ఒక బొమ్మల క్లాసులో చేర్పించేను. పేరెందుకులెండి. నెలకి ఎనిమిది వందలు. మాస్టారు మంచి మనిషే, అబద్ధం ఆడకూడదు. రెండో వారం ఏటి చేసేరంటే, మావాడి కాయితం మీద ఆయన పెన్సిల్‌తో గుడి వేసి, నలుగురు మనుషుల్ని నిలబెట్టి, "ఇప్పుడు బొమ్మ అయ్యింది చూడు" అన్నారు. మావాడు ఏడవలేదు, అరవలేదు. రబ్బరు తీసుకుని గుడి చెరిపేడు. మనుషుల్ని చెరిపేడు. కాయితం చిరిగిపోయినా చెరుపుతూనే ఉన్నాడు. మర్నాడు ఆటో ఎక్కలేదు. నాలుగు నెలలు పెన్సిల్ ముట్టుకోలేదు. గోడలు పాడు చేస్తున్నాడని రోజూ తిట్టినదాన్ని, ఆ నాలుగు నెల్లూ గోడ వేపు చూళ్ళేకపోయేను.

మా చుట్టుపక్కల ఇంకో ముగ్గురున్నారు. ఒకమ్మాయికి డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మది, 19 ఏళ్ళు. ఒక కుర్రాడికి సెరిబ్రల్ పాల్సీ, ఒళ్ళు చెప్పినట్టు కదలదు, చక్రాల కుర్చీలో ఉంటాడు, డిగ్రీ చదివేడు. ఇంకొకాయనకి నలభై దాటేయి, చూపు బాగా తగ్గిపోయింది. వాళ్ళ అమ్మలూ నేనూ మాట్లాడుకున్నాం. మా వీధి గది పన్నెండడుగులు, పది అడుగులు. నా మిషను వెనక వసారాలోకి మార్చుకుంటే ఖాళీ. వారానికి మూడు మధ్యాహ్నాలు. ఎవరికీ ఏటీ నేర్పడానికి కాదు. ఎవరి పని వాళ్ళు చేసుకోడానికి.

సామాను ఏటి కొనాలి? మాస్టారంటూ ఒకరు ఉండాలా, అక్కర్లేదా? మా ఆడపడుచు, ఫ్రేములు కట్టి అమ్మితే బోలెడొస్తాయి అంటంది. వాడు గీసింది అమ్మడానికి నాకు హక్కుందా అసలు? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత డ్రాయింగు మాస్టారు, శ్రీకాకుళం

అమ్మా, మీరు చెప్పిన మాస్టారు నేను కాదు గాని నేనే అనుకోండి. ముప్ఫై ఏళ్ళు జిల్లా పరిషత్తు బడుల్లో పనిచేశాను. ఎంతమంది పిల్లలు గీసిన కొండల మధ్య నా చేత్తో సూర్యుణ్ణి పెట్టానో లెక్కలేదు. రిటైరయ్యాక బుద్ధి వచ్చింది, ఎవరికి లాభం.

మీ గదికి మాస్టారు వద్దు. పక్కన కూచుని తన బొమ్మ తాను వేసుకునే మనిషి ఎవరైనా దొరికితే మంచిది. అడిగితే సాయం చేస్తాడు, అడక్కపోతే తన పని తనది. ఒకటే నియమం, ఎవరి కాయితం మీదా ఇంకొకరి చెయ్యి పడకూడదు.

అమెరికాలో ఓక్లండ్ అనే ఊళ్ళో క్రియేటివ్ గ్రోత్ అని ఒక స్టూడియో ఉంది. 1974లో ఒక దంపతులు పెట్టారు, ఆవిడ చిత్రకారిణి, ఆయన సైకాలజిస్టు. అదీ మీలాగే, వాళ్ళ ఇంటి కారు షెడ్డులో మొదలైంది. ఆ స్టూడియోకి 1987లో జూడిత్ స్కాట్ అనే ఆవిడ వచ్చింది. డౌన్ సిండ్రోమ్, పైగా చెవుడు. ఆ చెవుడున్న సంగతే చాలా ఏళ్ళు ఎవరూ కనిపెట్టలేదు. ఏడేళ్ళప్పుడు ఇంటినుంచి తీసుకెళ్ళి ఒక సంస్థలో పడేస్తే ముప్ఫై అయిదేళ్ళు అక్కడే ఉంది. కవల తోబుట్టువు పోరాడి బయటికి తెచ్చుకుంది. స్టూడియోలో దాదాపు రెండేళ్ళు ఆవిడ ఏమీ చెయ్యలేదు. రంగులిస్తే ఏవో గీతలు గీసి పక్కన పెట్టేసేది. ఎవరూ పొమ్మనలేదు. ఒకరోజు నూలు, దారాలతో పనిచేసే ఆవిడ క్లాసు పక్కన కూచుని, చేతికి దొరికిన పుల్లలకీ సామానుకీ దారం చుట్టడం మొదలుపెట్టింది. 2005లో పోయేదాకా చుడుతూనే ఉంది. మనిషంత పెద్దవి కూడా ఉన్నాయి వాటిలో. ఇవాళ అవి పెద్దపెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. నేను చెప్పదలుచుకున్నది మ్యూజియం సంగతి కాదు, ఆ రెండేళ్ళ సంగతి. మన దగ్గరైతే రెండో వారానికే గుడి గీసేస్తాం.

మీ దగ్గరున్న ఆ అమ్మాయికి రంగులు ఎక్కకపోతే దారం పెట్టి చూడండి. పొందూరులో నేతవాళ్ళ దగ్గర పనికిరాని నూలు ముక్కలు దొరకొచ్చు, వెళ్ళి అడిగితే తప్పులేదు.

సామాను అంటారా, పోస్టరు రంగులు, మైనం రంగులు చాలు. తైలం రంగులూ టర్పెంటైనూ వద్దు, మూసిన గదిలో ఆ వాసన మంచిది కాదు, ఫిట్స్ వచ్చేవాళ్ళుంటే మరీను. బ్రష్షు పట్టు చాలనివాళ్ళకి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పిడి లావు చెయ్యండి. కాయితం నాలుగు మూలలా టేపు వెయ్యండి, ఒంటి చేత్తో గీసేవాడికి అది రెండో చెయ్యి. చూపు తగ్గినాయన కోసం ఒక అట్ట మీద దోమల జాలి బిగించి, దాని మీద కాయితం పెట్టి మైనం రంగుతో గట్టిగా గీయమనండి. గీత ఉబ్బెత్తుగా వేలికి తగులుతుంది. శాంతినికేతన్‌లో బినోద్ బిహారీ ముఖర్జీ గారని గొప్ప చిత్రకారుడు, పుట్టుకతోనే చూపు అంతంత మాత్రం, యాభై దాటాక కంటి ఆపరేషన్ వికటించి పూర్తిగా పోయింది. ఆ తరవాతే రంగు కాయితాలు కత్తిరించి అతికించేవారు, 1972లో పింగాణీ పలకలతో అక్కడి బొమ్మల కాలేజీ కళాభవన్ గోడ మీద పెద్ద చిత్రం చేశారు. మీ దగ్గరి చూపు తగ్గినాయనకి చెప్పండి ఈ సంగతి. చెప్పకపోయినా పరవాలేదు, ఆ దోమల జాలి అట్ట మాత్రం ఇవ్వండి.

సిరిమానుకి కేలండర్లు ఏం చాలతాయమ్మా. పత్రికలు అచ్చువేసే ప్రెస్సులో రీలు చివర మిగిలిపోయిన కాయితం అడగండి, తూకానికి ఇస్తారు.

మూడుచక్రాల బండి

అక్కా, ముందు ఒక తగువు. పైన "నలుగురు పిల్లలకి" అని రాసేరు. కింద చదివితే ఒకాయనకి నలభై దాటిపోనాయి, ఒకాయన డిగ్రీ, మీ అబ్బాయికి 26. ఇందులో పిల్లలెవరండీ? నాకు 38, పోలియో, ఆమదాలవలస దగ్గర ఉద్యోగం చేస్తన్నాను. మా వీధి ముసలమ్మలు ఇప్పటికీ నా బుగ్గ గిల్లుతారు. ఒకప్పుడు వికలాంగులన్నారు, ఇప్పుడు దివ్యాంగులంటన్నారు. నా కాళ్ళల్లో దివ్యం ఏటీ లేదు, బస్సెక్కడానికి మెట్టు ఎత్తు తగ్గిస్తే చాలు.

ఇక అసలు సంగతి. రంగులు, కాయితాలు తరవాత. మీ వీధి గదికి గడప ఉందా? ఉండీ ఉంటాది. నాలుగంగుళాల గడప మీకు పసుపు రాసుకునే చోటు, నాకు గోడ. ఆ కుర్రాణ్ణి ఇద్దరు పట్టుకుని ఎత్తి లోపల పెడితే ఓ వారం వస్తాడు. రెండో వారం ఒంట్లో బాగోలేదంటాడు. నేనూ అలాగే అబద్ధాలాడేదాన్ని. ఎత్తుకి పన్నెండింతలు పొడుగుండాలి వాలు. అంటే నాలుగంగుళాలకి నాలుగడుగుల పలక. లోపలా బయటా రెండు వేపులా. తలుపు సందు మూడడుగులుంటే మంచిది. బల్ల కింద మోకాళ్ళు పట్టాలి, బేంకుల్లో కౌంటర్ లాగ ఉంటే పక్కకి తిరిగి రాసుకోవాల్సిందే.

ఇంకోటి ఎవరూ అడగరు, నేనే చెప్తాను. బాత్రూం. మూడు మధ్యాహ్నాలు అన్నారు. నేను బయటికెళ్ళాలంటే పొద్దుట్నుంచి నీళ్ళు తాగను. మీ బాత్రూంలోకి కుర్చీ వెళ్తుందా, పట్టుకోడానికి కడ్డీ ఉందా చూడండి. అది లేకపోతే ఎన్ని రంగులు కొన్నా దండగ.

ఆ నలుగురి అమ్మలూ మాట్లాడుకున్నాం అన్నారు. ఆ నలుగురూ మాట్లాడుకున్నారా?

వైజాగ్ కుర్రోడు

ఆంటీ, అబ్బాయి గీస్తుంటే చిన్న వీడియో తీసి పెట్టండి, వెనకాల మంచి సాంగ్ వేసి. ఒక్కరోజులో వైరల్. ఆర్డర్లు అవే వస్తాయి.

మూడుచక్రాల బండి

వద్దు బాబూ. కావాలంటే నువ్వు గీసి పెట్టుకో.

బొబ్బిలి నాన్న

మా పాపకి కూడా ఆటిజం, కాబట్టి కాయితాల సంగతి కొంత తిరిగి తెలుసుకున్నాను. మీ హక్కు ప్రశ్నకి జవాబు చెబుతాను.

1957 కాపీరైటు చట్టం ప్రకారం బొమ్మ ఎవరు గీస్తే మొదటి హక్కుదారు వాళ్ళే. వాళ్ళు బతికున్నంత కాలం, ఆపైన 60 ఏళ్ళు. కాయితం మీరు కొన్నారనో, జిగురు మీరు అతికించారనో మీది కాదు. మీ అబ్బాయి తరఫున సంతకాలు చెయ్యాలంటే, 18 దాటాడు గనక, తల్లి అయినంత మాత్రాన సరిపోదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు గారు ఉండే స్థానిక స్థాయి కమిటీ దగ్గర గార్డియన్‌షిప్‌కి పెట్టుకోవాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఆ చట్టం కిందకి వస్తాయి. అలాగని డిగ్రీ చదివిన ఆ అబ్బాయికి కూడా పెట్టెయ్యకండి, ఆయన సంతకం ఆయన చేసుకోగలడు.

నలుగురు ఇరుగుపొరుగు మధ్యాహ్నం కూచోడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రేపు పదిమందయ్యి, బోర్డు పెట్టి, విరాళాలు తీసుకుంటే మాత్రం సంగతి వేరు. సొసైటీ రిజిస్ట్రేషన్‌కి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, మన రాష్ట్రంలో 2001 చట్టం. వైకల్యం ఉన్నవారి కోసం సంస్థ నడపాలంటే 2016లో వచ్చిన వాళ్ళ హక్కుల చట్టం కింద విడిగా నమోదు కూడా ఉంది. అదే చట్టంలో 29వ సెక్షను ఒకసారి చదవండి. కళాకారులకి సాయం, బొమ్మల క్లాసులు, వినోద కేంద్రాలు, ఇవన్నీ ప్రభుత్వమూ స్థానిక సంస్థలూ చూడాలని స్పష్టంగా ఉంది. మునిసిపాలిటీకి అర్జీ రాసేటప్పుడు ఆ నంబరు వెయ్యండి. పని అవుతుందని నేను హామీ ఇవ్వను. నంబరు వేసిన అర్జీని మాత్రం కిందపెట్టి టీ గ్లాసు దానిమీద పెట్టరు.

అమ్మడం గురించి: మాస్టారు చెప్పిన ఓక్లండ్ వాళ్ళు అమ్మిన ధరలో సగం గీసినవాళ్ళకి ఇస్తారు, సగం స్టూడియో ఖర్చులకి. మీరూ అలా చెయ్యొచ్చు, వాళ్ళ పేరన బేంకు ఖాతాలో పడాలి.

కోట వెనక వీధి

విజీనగరంలో ఉండి ఇది కొత్త పని అనుకుంటున్నారు గాని, మన సంగీత కళాశాల పుట్టిందే అలా కదండీ. విజయరామ గజపతి మహారాజు గారి కొలువులో చాగంటి జోగారావు గారుండేవారు. ఆయన కొడుకు గంగబాబుకి చూపు లేదు, పాటంటే ప్రాణం. ఆ కుర్రాడి కోసం 1919లో మొదలెట్టారని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. వయొలిన్ చెప్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికీ చూపు సరిగ్గా ఆనేది కాదు. ఆయనే తరవాత ప్రిన్సిపాలయ్యారు.

ధర్మపురి టైలరమ్మ

అందరికీ దండాలు. రెండు నెలలు జవాబు రాయలేదు, క్షమించండి. పెళ్ళిళ్ళ జాకెట్లు మీద పడ్డాయి.

కోట వెనక వీధి గారూ, నేను రోజూ ఆ కాలేజీ ముందు నుంచే వెళ్తాను. ఈ సంగతి నాకు తెలీదు. ఇప్పుడు అటెళ్ళినప్పుడల్లా గంగబాబు గుర్తొస్తన్నాడు. వాళ్ళ అమ్మ ఎలాగుండేదో.

ముందు గడప గొడవ చెప్తాను, పెద్ద రామాయణం అయ్యింది. చెల్లీ, మీ మాట పట్టుకుని గడప తీయించీద్దామని వడ్రంగిని పిలిచేను. మా అత్తగారు గడప మీద కూచుండిపోయేరు. "నేను కుడికాలు పెట్టి దాటిన గడప, నేను పోయేక తీయించుకో" అన్నారు. వడ్రంగి ఉలి సంచీలో పెట్టీసుకున్నాడు. చివరికి మామిడి చెక్కతో రెండు వాలు పలకలు చేయించేం, లోపలికొకటి, బయటికొకటి, ఎత్తీసి పక్కన పెట్టుకునేలాగ. పద్దెనిమిది వందలయ్యింది. శుక్రవారం పొద్దున్న పలకలు తీసి ఆవిడ పసుపు రాసుకుంటారు, మధ్యాహ్నానికి మళ్ళీ ఆవిడే చెప్పి వేయిస్తారు. బాత్రూంలో కడ్డీ పెట్టించేం. కుర్చీ మాత్రం సగమే వెళ్తంది, దానికి గోడ కొట్టాలి, డబ్బు చాల్లేదు.

పిల్లలు అన్నందుకు సిగ్గుపడ్డాను. పైన పెట్టిన శీర్షిక మారుద్దామంటే ఇక్కడ అవటం లేదు. ఆ కుర్రాణ్ణి వెళ్ళి స్వయంగా అడిగేను, నీకేటి కావాలి బాబూ అని. "అత్తా, నాకు బొమ్మలు రావు, నచ్చవు కూడాను. మా అమ్మ ఒప్పుకుందని తెలిసి ఊరుకున్నాను" అన్నాడు. నాకు నోట మాట లేదు. అయితే మానీ నాయనా అంటే, "మానను, వస్తాను, ఇంట్లో అయితే టీవీ ఆపరు, అక్కడ ఫోన్లో కథ రాసుకుంటాను" అన్నాడు. వస్తన్నాడు. మూలన కూచుని రాసుకుంటాడు. మా ఖర్చుల పుస్తకం కూడా వాడే రాస్తన్నాడు, నేను రాస్తే లెక్క తేలదు.

మాస్టారూ, మీరు చెప్పిన నూలు పొందూరు మనిషొకావిడ చేత తెప్పించేను. ఆ అమ్మాయి ముట్టుకోలేదు. రంగులూ ముట్టుకోలేదు. అందరి బ్రష్షులూ కడగడం ఇష్టం. బకెట్లో చెయ్యి ముంచి, గచ్చు మీద అరచేయి అద్దుతుంది. ఆ తడి ఆరిపోయేదాకా చూస్తుంది, ఆరేక మళ్ళీ అద్దుతుంది. ఎండల్లో అయితే పది నిమిషాలు కూడా ఉండదు. వాళ్ళమ్మ మొదట్లో విసుక్కుంది, ఇదేటి పని, చూపించడానికి ఒక కాయితమైనా లేదని. మీ రెండేళ్ళ కథ చదివి వినిపించేను. ఊరుకుంది. ఇప్పుడు రెండో బకెట్ ఆవిడే తెచ్చింది.

నలభై దాటినాయనకి మాత్రం మీ దోమల జాలి అద్భుతం. చూపున్నప్పటి ఆర్టీసీ కాంప్లెక్సు గీస్తన్నారు, ఏ బస్సు ఎక్కడ ఆగేదో. వేలితో తడిమి, "ఇక్కడ సాలూరు బండి" అంటారు. మావాడు ఒకసారి వచ్చి ఆయన పక్కన నిలబడి ఆ గీత మీద వేలు పెట్టేడు. వాడు ఇంకొకరి కాయితం ముట్టుకోవడం అదే మొదలు. ఆయన ఏమీ అనలేదు. నేనైతే మాస్టారి నియమం తప్పిందని కంగారుపడ్డాను.

అమ్మకం ఇప్పుడే వద్దనుకున్నాం. మా ఆడపడుచుకి కోపమొచ్చింది. బొబ్బిలి బాబుగారూ, 29వ సెక్షను వేసి అర్జీ ఇచ్చేం. తీసుకున్నారు, ముద్ర వేసేరు, అంతవరకు.

ప్రెస్సు వాళ్ళు రీలు ఇచ్చేరు. పదకొండు కేజీలు. మావాడు మొదటి రోజు దాన్ని విప్పలేదు, పక్కన పడుకున్నాడు, అంతే. మూడో రోజు లావు కొస నుంచి మొదలెట్టేడు. గది పన్నెండడుగులే కదా. మొన్న మంగళవారానికి మాను గది దాటి, పలక మీంచి గడప దాటి, అరుగు మీదకి వచ్చీసింది. ఇంకా సన్నం అవటం మొదలవలేదు. రీల్లో సగం పైనే ఉంది. అరుగు అవతల రోడ్డు, వచ్చే వారం వానలంటన్నారు. అరుగు మీద టార్పాలిన్ కట్టించాలి, పద్దెనిమిది అడుగుల పొడుగుది. గంటస్తంభం దగ్గర అడిగితే చాలా చెప్తన్నారు. తక్కువలో దొరికే కొట్టు ఎవరికైనా తెలిస్తే రాయండి, శనివారం లోపు.